తుంటి ఆపరేషన్‌కి ఐదుకి మూడే ఇచ్చాను, మిగతా రెండూ ఎక్కడ పోయాయంటే

ఒకే ఆస్పత్రి, ఒకే థియేటర్, ఏడాది తేడాలో మా ఇంట్లో రెండు తుంటి ఆపరేషన్లు. మొదటిది అమ్మకి. 76 ఏళ్లు, బాత్రూమ్ గుమ్మం దగ్గర కాలు జారింది. రెండోది నాకు, 44 ఏళ్లు, బండి మీంచి పడ్డాను. అమ్మ మర్నాడే వాకర్ పట్టుకుని లేచి నిలబడింది, మూడు నెలలకల్లా ఇల్లంతా తనే తిరగడం మొదలుపెట్టింది. నాకేమో ఆరో నెలలో ఎముక అతుక్కుంది, ఇక మీరు ఫ్రీ అని పంపించేశారు. పదకొండో నెలలో తుంటి బంతి, అంటే తొడ ఎముక పైకొన, కుంగిపోయింది. స్క్రూలు తీసేసి మొత్తం జాయింట్ మార్పించుకున్నాను, అది జరిగి ఇప్పటికి నాలుగు నెలలు. కూర్చోవడం కుదురుతోంది కాబట్టి ఇది రాస్తున్నాను.

ఆస్పత్రి పేరు రాయను. నేను చెప్పబోయే లోపం అక్కడ ఒక్కచోటే ఉంటుందని నాకు నమ్మకం లేదు, పైగా రెండోసారి కూడా అక్కడికే వెళ్లాను కాబట్టి పేరు పెట్టి తిట్టే హక్కు నాకు లేదేమో అనిపిస్తుంది. తిట్టడం ఎలాగూ నా ఉద్దేశం కాదు. ఆపరేషన్ చేతకాక చెడిపోయింది అని కూడా అనడం లేదు. చేసిన పని బాగానే చేశారు. చెప్పాల్సిన మాటలు చెప్పలేదు, అంతే. ఆ మాటలేంటో ఎవరికైనా ముందే తెలిస్తే మంచిదని ఇంత పొడుగ్గా రాస్తున్నాను, ఓపిక ఉంటే చదవండి.

ముందు బాగున్నవి చెప్పేస్తాను. రాత్రి తొమ్మిదిన్నరకి నన్ను తీసుకెళ్లారు, ఎమర్జెన్సీలో ఆలస్యం చేయలేదు. కాలు కదలకుండా దిండ్లు సర్ది నొప్పికి ఇంజెక్షన్ ఇచ్చారు. ఎడమ కాలు కాస్త పొట్టిగా కనబడుతోంది, పాదం బయటికి తిరిగిపోయింది, అది చూసి డ్యూటీ డాక్టర్ ఎక్స్‌రే రాకముందే తుంటి విరిగిందని చెప్పేశాడు. మర్నాడు మధ్యాహ్నం రెండింటికి థియేటర్‌లోకి తీసుకెళ్లారు. నడుముకి మత్తు ఇచ్చి, కోత పెద్దగా లేకుండా, థియేటర్‌లోనే ఎక్స్‌రే చూపించే సీ-ఆర్మ్‌లో చూసుకుంటూ మూడు స్క్రూలు వేశారు. నర్సుల గురించి చెప్పాలంటే వంక పెట్టడానికి లేదు. ఫిజియో అమ్మాయి బంగారం, విసుక్కోకుండా రోజుకి రెండుసార్లు వచ్చేది. వీటన్నిటికీ పూర్తి మార్కులు.

ఇప్పుడు ఆ కాగితం సంగతి. ఆపరేషన్‌కి ముందు సంతకం పెట్టించుకుంటారు కదా, అందులో జరగొచ్చిన ఇబ్బందుల జాబితాలో ఇన్‌ఫెక్షన్, నాన్ యూనియన్, ఏవీఎన్ అని ఉంది. ఇన్‌ఫెక్షన్ అంటే అందరికీ తెలుసు. మా ఆవిడ ఆ ఏవీఎన్ మీద వేలు పెట్టి "ఇదేంటండీ?" అని అడిగింది. కాగితం తెచ్చినతను "అది అందరికీ రాసేదేనమ్మా, ఫార్మాలిటీ" అన్నాడు. అప్పుడు మాకున్న టెన్షన్‌లో అదే చాలనిపించింది. సంతకం పెట్టేశాను. ఈ రివ్యూలో పోయిన రెండు నక్షత్రాల్లో ఒకటి ఆ ఒక్క మాటకే పోయింది.

ఏవీఎన్ అంటే అవాస్క్యులర్ నెక్రోసిస్. రక్తం అందక ఎముక ముక్క చచ్చిపోవడం. నాకు అర్థమైన విధంగా చెప్తాను. తొడ ఎముక పైన ఒక బంతి ఉంటుంది, అది కటి దగ్గరున్న గిన్నెలో తిరుగుతుంది. బంతికీ కింది పొడుగు ఎముకకీ మధ్య సన్నగా మెడ. బంతికి రక్తం పైనుంచి రాదు. కింద నుంచి, ఆ మెడ మీద అంటుకుని పాకుతూ వెళ్లే సన్నని నాళాల ద్వారానే చాలావరకు వెళ్తుంది. గిన్నె వైపు నుంచి లిగమెంట్‌లోంచి ఇంకో చిన్న నాళం వస్తుంది గానీ పెద్దవాళ్లలో దాన్ని నమ్ముకోలేం. మెడ విరిగి రెండు ముక్కలూ పక్కకి జరిగితే ఆ నాళాలు తెగిపోవచ్చు, మెలిపడొచ్చు, సాగి నలిగిపోవచ్చు. అంటే నేను బండి మీంచి పడ్డ ఆ రెండు క్షణాల్లోనే సగం కథ అయిపోయింది, డాక్టర్ చెయ్యి పడకముందే. ఇది తెలిశాక నాకు కోపం సగం తగ్గింది, నిజం చెప్తున్నా.

ఇంకో సంగతి. మామూలుగా ఎముక విరిగితే చుట్టూ గడ్డలాగా కొత్త ఎముక పెరిగి పట్టుకుంటుంది, ఎక్స్‌రేలో ఉబ్బుగా కనబడుతుంది. తుంటి మెడ జాయింట్ సంచి లోపల ఉంటుంది, అక్కడ ఎముక మీది పొరలో అలా పెరిగే భాగం లేదు, చుట్టూ జాయింట్ నీరు. కాబట్టి విరిగిన అంచులు నేరుగా ఒకదానికొకటి ఆనుకుని, కదలకుండా ఉంటేనే అతుక్కుంటాయి. ఆ పట్టు కుదరకపోతే అదే నాన్ యూనియన్.

మరి అమ్మకి ఎందుకు ఏమీ కాలేదు? ఇదే నన్ను పదకొండు నెలలు మోసం చేసిన ప్రశ్న. ఇద్దరికీ తుంటే విరిగింది, ఇద్దరికీ ఇనుమే వేశారు, 76 ఏళ్ల మనిషి నడుస్తుంటే నాకేం అవుతుందిలే అనుకున్నాను. అమ్మది మెడ కాదు. మెడ కిందుండే లావుపాటి భాగం, ఇంటర్ ట్రోకాంటరిక్ అంటారు, జాయింట్ సంచికి బయట. అక్కడ రక్తానికి కొదవ లేదు, అతుక్కోవడం సులువు, బంతి చచ్చిపోవడం అరుదు. ఆమెకి ఉండే భయం వేరు. ఎముక మెత్తబడి ఉంటుంది కాబట్టి ఎముక లోపల వేసిన రాడ్‌కున్న స్క్రూ బంతిని చీల్చుకుని బయటికి రావడం, దాన్ని కటౌట్ అంటారు. స్క్రూ మొన బంతి శిఖరానికి ఎంత దూరంలో ఉందో రెండు ఎక్స్‌రేల్లో కొలిచి కలుపుతారు, ఆ మొత్తం 25 మిల్లీమీటర్ల లోపు ఉంటే మంచిదని 1995 నుంచి అందరూ పాటిస్తున్న లెక్క. అమ్మది ఆ లోపే ఉంది. మంచి పని, ఒప్పుకుంటాను. "తుంటి విరిగింది" అనే ఒక్క మాట కింద ఇలా రెండు వేరే జబ్బులు ఉన్నాయని మాకు రెండుసార్లూ ఎవరూ చెప్పలేదు. బంధువులంతా నాకు అమ్మనే చూపించి ధైర్యం చెప్పారు పాపం.

పదకొండో నెలకి వద్దాం. గజ్జల్లో నొప్పి అప్పటికే మొదలైంది, మొదట్లో మెట్లెక్కితేనే. తర్వాత మోకాలు. మోకాలికి బామ్ రాసుకుంటూ నెల గడిపాను, తుంటి నొప్పి మోకాలిలో తెలుస్తుందని ఎవరికి తెలుసు? సాక్స్ వేసుకోవడానికి వంగలేకపోయేవాణ్ని, కాలి గోళ్లు మా ఆవిడ తీసేది, రాత్రి అటు పక్కకి తిరిగి పడుకుంటే మెలకువ వచ్చేసేది. అదే ఆస్పత్రికి వెళ్తే నాకు ఆపరేషన్ చేసినాయన అక్కడ మానేశారు, వేరే డాక్టర్ ఉన్నారు. ఆయన కొత్త ఎక్స్‌రే చూసి ఏమీ అనలేదు. "మొదటి రోజు ఫిల్మ్ ఉందా?" అని అడిగారు. ఉంది. దాన్ని లైట్‌బోర్డ్ మీద పెట్టి ఇరవై నిమిషాలు మాట్లాడారు. ఈ రివ్యూకి మిగిలిన మూడు నక్షత్రాల్లో ఒకటి పూర్తిగా ఆ ఇరవై నిమిషాలదే.

ఆయన అన్న మొదటి మాట: "మీ రిస్క్ అంతా ఈ ఫిల్మ్‌లో మొదటి రోజే ఉందండీ."

ముక్కలు ఎంత జరిగాయన్నది అన్నిటికన్నా ముందు చూస్తారట. గార్డెన్ అనే బ్రిటిష్ సర్జన్ 1961లో పెట్టిన నాలుగు మెట్ల లెక్క ఉంది, ఇప్పటికీ అదే వాడతారు. ఒకటి, రెండు అంటే ముక్కలు పెద్దగా జరగలేదని, మూడు, నాలుగు అంటే జరిగాయని. నాది మూడు. జరిగితే నాళాలు దెబ్బతినే అవకాశం ఎక్కువ, జరగకపోతే తక్కువ. తర్వాత విరిగిన గీత ఎంత నిటారుగా ఉందన్నది. దీనికి పావెల్స్ అనే ఆయన 1935లో చెప్పిన కోణాల లెక్క ఉంది, గీత అడ్డంగా ఉంటే మనం నిలబడిన బరువుకి రెండు ముక్కలూ ఒకదాని మీద ఒకటి నొక్కుకుంటాయి, 50 డిగ్రీలు దాటి నిటారుగా ఉంటే అదే బరువుకి ఒకటి ఇంకోదాని పక్క నుంచి జారుతుంది. వయసులో ఉన్నవాళ్లు బండి మీంచో ఎత్తు నుంచో గట్టిగా పడితే ఈ నిటారు రకమే ఎక్కువ. నాదీ అదే. పక్క నుంచి తీసిన ఫిల్మ్‌లో మెడ వెనక భాగం పిండి పిండి అయినట్టు కనబడుతోంది, అలా అయితే వెనక ఆనుకోవడానికి గట్టి గోడ ఉండదు, స్క్రూలు ఎంత బిగించినా బంతి అటు వాలుతుంది. ఇవి మూడూ నా ఎముకవి, ఎవరి తప్పూ కాదు.

"మరి ఆపరేషన్ సరిగ్గా చేశారా లేదా, అది చెప్పండి డాక్టర్ గారూ" అన్నాను. ఆయన తోటి డాక్టర్ని తిడతారేమోనని కాస్త ఆశ పడ్డాను కూడా. తిట్టలేదు. ఆపరేషన్ తర్వాత ఫిల్మ్ పెట్టి, బంతి లోపలి వైపుకి కొన్ని డిగ్రీలు వాలి ఉండిపోయిందని చూపించారు. వేరస్ అంటారట దాన్ని. డాక్టర్ చేతిలో ఉండే విషయాల్లో అన్నిటికన్నా పెద్దది ఇదేనని చెప్పారు: విరిగిన ముక్కల్ని తిరిగి ఎంత కచ్చితంగా కూర్చోబెట్టారు అన్నది. బయటి నుంచి లాగి తిప్పితే సరిగ్గా కూర్చోకపోతే, కోత పెట్టి కళ్లతో చూస్తూ కూర్చోబెట్టాలి. నా విషయంలో బయటి నుంచే చేశారు, దాదాపు సరిగ్గానే కుదిరింది. "దాదాపు. నేనైతే తెరిచేవాణ్నేమో, ఇప్పుడు చెప్పడం తేలికే కదా" అన్నారు. ఆ నిజాయితీ నాకు నచ్చింది.

టైమ్ గురించి కూడా అడిగాను, ఎందుకంటే ఇంట్లో అందరూ "ఆ రాత్రే చేసి ఉంటేనా" అని ఒకటే గొడవ. వయసులో ఉన్నవాళ్లకి మెడ విరిగి ముక్కలు జరిగితే వీలైనంత తొందరగా, మామూలుగా 24 గంటల్లోపు చేయాలని చూస్తారు. కానీ గంటల తేడా ఒక్కదాని వల్లే బంతి బతుకుతుంది, చస్తుంది అని అధ్యయనాలన్నీ ఒకే మాట చెప్పడం లేదట. అర్ధరాత్రి అలసిన చేతులతో హడావిడిగా వంకరగా కూర్చోబెట్టేకన్నా పొద్దున్నే మంచి టీమ్‌తో సరిగ్గా చేయడం మేలని ఆయన అభిప్రాయం. నాకు 17 గంటలు పట్టింది. అందులో ఆస్పత్రిని అనడానికి ఏమీ లేదు. ముసలివాళ్లకి తొందర ఎందుకంటే కారణం వేరు, మంచం మీద పడి ఉంటే ఊపిరితిత్తుల్లో ఇన్‌ఫెక్షన్, రక్తం గడ్డలు, వీపున పుండ్లు, వాటితోనే మనిషి పోతాడు.

ఇక నా వైపు. ఇది రాయకుండా వదిలేస్తే రివ్యూ అబద్ధం అవుతుంది. కేస్ షీట్‌లో మొదటి పేజీలోనే ఉంది, రోజుకి పది సిగరెట్లు అని. అడిగారు, చెప్పాను, రాసుకున్నారు. రాసుకుని ఊరుకున్నారు! పొగ వల్ల సన్న నాళాలు ముడుచుకుంటాయి, ఎముక అతకడం ఆలస్యమవుతుంది, అసలే రక్తం అంతంత మాత్రంగా వెళ్లే చోట అది ఇంకా తగ్గుతుంది. ఈ ముక్క ఎవరైనా చెప్పి ఉంటే మానేసేవాణ్నా? ఏమో. మూడు వారాలు మానాను, తర్వాత మంచం మీద కూర్చుని బోరు కొట్టి మళ్లీ మొదలుపెట్టాను. ఇంకొకటి, ఉబ్బసానికి చాలా ఏళ్లుగా విడతలు విడతలుగా స్టెరాయిడ్ మాత్రలు వాడాను, పీల్చేవి కాదు, మింగేవి. పీల్చే వాటితో మింగే వాటిని కలిపి భయపడకండి, డోసులో చాలా తేడా ఉంటుంది, వాటిని మీ అంతట మీరు ఆపేస్తే ఉబ్బసంతోనే ప్రాణం మీదికి వస్తుంది. మింగే స్టెరాయిడ్ ఎక్కువ మోతాదులో, ఎక్కువ కాలం వాడితే అసలు ఎముక విరగకపోయినా తుంటి బంతి చచ్చిపోయే అవకాశం ఉంది. మద్యం ఎక్కువగా తాగేవాళ్లకీ అంతే. విరిగిన మెడ దానికి తోడైతే ఇక చెప్పాలా. షుగర్ అదుపులో లేకపోయినా, కిడ్నీ జబ్బు ఉన్నా, విటమిన్ డి బాగా తక్కువున్నా ఎముక అతకడానికి అడ్డమే. నాకు విటమిన్ డి పరీక్ష మొదటిసారి చేసింది ఈ రెండో డాక్టరే, ఆపరేషన్ అయిన పదకొండు నెలలకి, తక్కువే వచ్చింది.

చాలామంది అడిగేది మాత్రం వేరే ప్రశ్న. ఏ కంపెనీ స్క్రూలు, టైటానియమా స్టీలా, ఇంపోర్టెడా? నేనూ అడిగాను మొదటిరోజు, ఏదో గొప్ప ప్రశ్న అడిగినట్టు. టైటానియం వల్ల నాకు కలిగిన అసలు లాభం తర్వాత ఎంఆర్‌ఐలో బొమ్మ కాస్త తక్కువ చెదిరిపోవడం. విడి స్క్రూలా, ప్లేటుతో జారే ఒక పెద్ద స్క్రూనా అన్నదాని మీద 2017లో ఫెయిత్ అని ఒక పెద్ద అధ్యయనం వచ్చింది, 50 ఏళ్లు దాటిన వెయ్యి మందికి పైగా. రెండేళ్లలో మళ్లీ ఆపరేషన్ అవసరమైనవాళ్లు రెండు గుంపుల్లోనూ ఇంచుమించు ఒకటే, పెద్ద స్క్రూ వాళ్లలో 20 శాతం, విడి స్క్రూల వాళ్లలో 22 శాతం. ఏవీఎన్ మాత్రం పెద్ద స్క్రూ వేసినవాళ్లలో 9 శాతం, విడి స్క్రూల వాళ్లలో 5 శాతం. అదే సమయంలో పొగతాగేవాళ్లకీ, ముక్కలు జరిగినవాళ్లకీ పెద్ద స్క్రూయే మేలేమో అన్న సూచన కూడా అందులోనే ఉంది. అంటే ఏ ఒక్క పరికరమూ మంత్రం కాదు. ఐదుగురిలో ఒకరికి మళ్లీ థియేటర్ తప్పలేదు, అది చూడండి ముందు.

నా వయసువాళ్ల లెక్క వేరే ఉంది. 60 లోపు వాళ్లకి తుంటి మెడ విరగడం మీద వచ్చిన అధ్యయనాలన్నీ కలిపి 2015లో చూస్తే ఏవీఎన్ సుమారు 14 శాతం, అతుక్కోకపోవడం సుమారు 9 శాతం, మళ్లీ ఆపరేషన్ సుమారు 18 శాతం. అంటే ఏడుగురిలో ఒకరికి వచ్చేదాన్ని పట్టుకుని మా ఆవిడతో ఫార్మాలిటీ అన్నారన్నమాట.

ఫిజియో గదిలో నాకు ఇంకొకాయన పరిచయమయ్యాడు, యాభై దాటినాయన, ఆయనకీ మెడే, వేరే చోట చేయించుకున్నాడు. ఆయన సమస్య నాకు రివర్స్. నాకు ఎముక అతుక్కుంది, బంతి చచ్చింది. ఆయనకి బంతి బతికే ఉంది, ఎముక అతుక్కోలేదు. కాలు రోజురోజుకీ పొట్టి అవుతోంది, స్క్రూల వెనక భాగం బయటికి తోసుకొచ్చి తొడ పక్కన చేతికి తగిలేది. ఆరు వారాలు పాదం ఆన్చొద్దంటే రెండో వారం నుంచే నడిచాడట, నొప్పి లేదు కదా అని. అదొక్కటే కారణమని చెప్పలేం, ఆయనకి విరిగిన గీత కూడా నిటారుదే. ఆయనకి ఎముకని కోణం మార్చి కోసి మళ్లీ బిగించే ఆపరేషన్ చేశారు, బంతి బతికుంటే అలా చేసి సొంత జాయింట్ కాపాడొచ్చు. మేమిద్దరం పక్కపక్కన కూర్చుని ఎవరి తుంటి ఎక్కువ దరిద్రమైందో వాదించుకునేవాళ్లం.

బరువు ఆన్చడం గురించి ఒక మాట. మెడకి స్క్రూలు వేసిన నాలాంటి వాళ్లకి కొన్ని వారాలు వద్దంటారు, అమ్మ లాంటి వాళ్లని మర్నాడే నిలబెడతారు. మా ఇంట్లో దీని మీదే పెద్ద రచ్చ అయింది, "అత్తయ్యని లేపారు, ఆయన్ని ఎందుకు లేపడం లేదు?" అని మా ఆవిడ ఫిజియో అమ్మాయిని నిలదీసింది. ఆ అమ్మాయి "మేడమ్, డాక్టర్ గారు రాసిందే చేయించాలి" అంది. కారణం ఒక్క వాక్యంలో చెప్పొచ్చు: నిటారుగా విరిగిన మెడ మీద బరువు పడితే ముక్కలు జారతాయి. అది ఎవరూ చెప్పలేదు.

రెండో నక్షత్రం పోయింది ఫాలోఅప్ దగ్గర. ఆరో నెలలో ఎక్స్‌రే తీసి "యూనియన్ అయింది, ఇక అవసరమైతేనే రండి" అని రాశారు. ఏవీఎన్ అనేది ఎముక అతికాక కూడా వస్తుంది, ఎక్కువగా మొదటి రెండేళ్లలో, కొందరికి ఆ తర్వాత కూడా. బంతి చచ్చినా మొదట్లో ఎక్స్‌రేలో మామూలుగానే ఉంటుంది. తర్వాత ఆ భాగం తెల్లగా చిక్కగా కనబడుతుంది, ఆ తర్వాత పైపొర కింద నెలవంక లాంటి సన్న గీత, దాని తర్వాత కుంగడం. కుంగాక సొంత బంతిని కాపాడటానికి పెద్దగా దారుల్లేవు. కుంగక ముందు తెలిస్తే ఎంఆర్‌ఐ తీసి, బరువు తగ్గించి, కొందరికి ఎముకలో రంధ్రం చేసి లోపలి ఒత్తిడి తగ్గించే చికిత్స ప్రయత్నిస్తారు. అది నాకు పని చేసేదని ఎవరూ హామీ ఇవ్వలేరు, నాకూ ఆ భ్రమ లేదు. కానీ ఏడో నెలలో గజ్జ పట్టేసినట్టు అనిపించినప్పుడు "ఇది వాతం" అనుకోకుండా ఫిల్మ్ తీయించుకునేవాణ్ని కదా. డిశ్చార్జ్ కాగితంలో "గజ్జల్లోగానీ మోకాలిలోగానీ కొత్తగా నొప్పి వస్తే వెంటనే రండి, రెండేళ్ల వరకు ఫిల్మ్ తీయించుకోండి" అని ఒక లైను రాయడానికి ఎంత సిరా ఖర్చవుతుంది?

అమ్మకి ఐదుకి ఐదు ఇద్దామనుకున్నా, ఈ గొడవంతా తెలిశాక నాలుగు చేశాను. ఆమె పడింది నిలబడిన ఎత్తు నుంచి. ఆ మాత్రానికి తుంటి విరిగిందంటేనే ఎముక గుల్లబారినట్టు లెక్క, వేరే రుజువు అక్కర్లేదు. రాడ్ వేసి విరిగిన చోటు బాగుచేశారు, మిగతా ఎముకల సంగతి ఎవరూ చూడలేదు. ఎముక సాంద్రత కొలిచే డెక్సా స్కాన్ రాయలేదు, ఎముక బలానికి మందు రాయలేదు, కాల్షియం మాత్రలు ఇచ్చి పంపారు. తుంటి విరిగిన మూడు నెలల్లోపు జోలెడ్రోనిక్ యాసిడ్ అనే ఇంజెక్షన్ ఇచ్చి ఏడాదికోసారి కొనసాగిస్తే కొత్తగా ఎముకలు విరగడం 35 శాతం తగ్గిందని, చావులు కూడా 28 శాతం తగ్గాయని 2007లోనే తేలింది. కిడ్నీలు బాగుండాలి, ముందు విటమిన్ డి సరిచేయాలి, పంటి పనులుంటే చూసుకోవాలి, అందరికీ పనికిరాదు. సరే, కనీసం ఆ ప్రస్తావన వస్తే కదా. రెండో తుంటి విరిగితే ఎవరిది బాధ్యత? ఇప్పుడు ఈ కొత్త డాక్టరే డెక్సా చేయించి మొదలుపెట్టారు. అమ్మ మాత్రం "నాకేమైందిరా, నీ కాలు చూసుకో" అంటుంది.

జాయింట్ మార్చే ఆపరేషన్ అనుభవం వేరు, క్లుప్తంగా రాస్తాను. ఈసారి సంతకానికి ముందు డాక్టరే వచ్చి కూర్చున్నారు. స్క్రూలు తీసి చేసే ఆపరేషన్ కాబట్టి, మొదటిసారే మార్చేదానికన్నా ఇన్‌ఫెక్షన్, జాయింట్ జారడం వంటి రిస్క్ ఎక్కువని ముందే చెప్పారు. 44 ఏళ్లకే మార్చకుండా మొదట స్క్రూలు ఎందుకు వేశారో కూడా చెప్పారు: కృత్రిమ జాయింట్ అరుగుతుంది, ఈ వయసులో పెడితే జీవితంలో మళ్లీ మార్చాల్సి రావొచ్చు, అందుకే ముందు సొంతది కాపాడాలని చూస్తారు. 70 దాటినవాళ్లకి మెడ విరిగి ముక్కలు జరిగితే ఎక్కువగా నేరుగా మార్చేస్తారు, వాళ్లకి ఈ ఏవీఎన్ బాధే ఉండదు. ఇంకా జాయింట్ చుట్టూ కండలో అనవసరంగా ఎముక పెరిగే ఇబ్బంది ఒకటుందట, మగవాళ్లలో ఎక్కువ, వెన్ను బిగుసుకుపోయే యాంకిలోజింగ్ జబ్బు ఉన్నవాళ్లలో, ఇంతకుముందు ఒకసారి అలా పెరిగినవాళ్లలో ఇంకా ఎక్కువ. మీకు ఇవేమైనా ఉన్నాయా అని ఒక్కోటీ అడిగి టిక్ పెట్టుకున్నారు. ఇదే పని మొదటిసారి చేసి ఉంటే నేను ఐదు ఇచ్చి ఊరుకునేవాణ్ని, బంతి కుంగినా సరే.

సిగరెట్లు మానేసి ఏడు నెలలైంది. జాయింట్ మార్చడానికి ఆయన పెట్టిన షరతు అది. ముందు మానండి, తర్వాతే డేట్ ఇస్తాను అన్నారు, మూడు నెలలు ఆపారు.

ఫైల్ విషయం ఒకటి. డిశ్చార్జ్ అయ్యేటప్పుడు మొదటి రోజు ఫిల్మ్, ఆపరేషన్ తర్వాత ఫిల్మ్, ఆపరేషన్ నోట్స్, మూడూ అడిగి తీసుకోండి, సమ్మరీ ఒక్కటే ఇస్తే సరిపోదు. మా ఆవిడ బీరువాలో దాచింది కాబట్టి నా కథ ఆ ఇరవై నిమిషాల్లో తేలింది. ఇప్పుడు అదే బీరువాలో అమ్మ ఫిల్ములు ఒక కవర్, నావి రెండు కవర్లు ఉన్నాయి. వచ్చే నెల ఆరో తారీఖున నా ఫిల్మ్ తీస్తారు, అదే రోజు అమ్మకి ఇంజెక్షన్.